తప్పు కరెంటుది, నింద ఇల్లాలిది

ఇంట్లో కరెంటు వస్తువు పాడైందంటే మొదటి ప్రశ్న ఇల్లాలికే. "నువ్వేం చేశావ్?" స్తంభం మీద వదులైన తీగ సంగతి ఎవరికీ గుర్తు రాదు. మిక్సీ కాలినా, ఫ్రిజ్ ఆగినా, ఓవెన్ మాడినా వంటింట్లో ఉన్న మనిషి చెయ్యే కారణమని తేల్చేస్తారు. ఆమె కూడా నిజమేనేమో అనుకుని తల వంచుకుంటుంది.

పోయిన వేసవిలో కరీంనగర్‌లో మా వీధిలో గాలిదుమారం లేచిన రాత్రి లైట్లు ఒక్కసారిగా పట్టపగల్లా వెలిగాయి. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. మరుక్షణం చీకటి. ఆ రాత్రి నాలుగిళ్లలో వస్తువులు కాలిపోయాయి. అందులో ఒకటి, ఇంట్లోనే కేకులు చేసి అమ్ముకునే ఒకావిడ మైక్రోవేవ్ ఓవెన్. ఆ కేకుల డబ్బుతోనే ఆమె కూతురి ట్యూషన్ ఫీజు కడుతోంది. "నువ్వే ఏదో ఒత్తినవ్" అన్నాడు భర్త. "పెంకం మీద రొట్టె కాల్చుకుంటే గిట్ల అయ్యేదా?" అంది అత్తగారు. రిపేరుకొచ్చినతను మూత తీసి, "బోర్డు మొత్తం పోయిందమ్మా" అని కొత్తదాని ధరలో సగం చెప్పాడు. ఇక ఆ కేకుల పనే వద్దన్నారు ఇంట్లో.

అసలేం జరిగిందో చూద్దాం. మన ఇంటికి రావలసింది 230 ఓల్టుల కరెంటు. స్తంభం మీద మూడు ఫేజులు, వాటికి ఉమ్మడిగా ఒక న్యూట్రల్ తీగ ఉంటాయి. ఆ న్యూట్రల్ తెగినా, జాయింటు దగ్గర ఊడినా లెక్క తప్పుతుంది. కొన్ని ఇళ్లకు ఓల్టేజి పడిపోతుంది, కొన్ని ఇళ్లకు మూడు వందలు దాటి నాలుగు వందల దాకా పోవచ్చు. విచిత్రమేమంటే, తక్కువ వాడకం ఉన్న ఫేజు మీదనే ఎక్కువ ఓల్టేజి పడుతుంది. పొదుపుగా లైట్లార్పి కూర్చున్న ఇంటికే పెద్ద దెబ్బ తగలవచ్చన్నమాట! బోర్డులోని మామూలు ఎం.సి.బి. దీన్ని ఆపలేదు. అది ఎక్కువ కరెంటు లాగినప్పుడు, షార్టయినప్పుడు పడిపోతుందే తప్ప, ఓల్టేజి పెరిగితే దానికి తెలియదు.

ఓవెన్‌లో ఏం పోయిందన్నది కూడా తెలుసుకుని అడగాలి. చాలా ఓవెన్లలో కరెంటు లోపలికొచ్చే చోట ఒక ఫ్యూజు, దాని దగ్గర బిళ్లలాంటి వేరిస్టర్ అనే చిన్న భాగం ఉంటాయి. ఓల్టేజి పెరిగితే ముందు తాము కాలిపోయి మిగతా వాటిని కాపాడడమే వాటి పని. ఒక్కోసారి పోయేది అంతే, ఖర్చూ స్వల్పమే. ఒక్కోసారి నిజంగానే బోర్డు పోతుంది. ఏది పోయిందో చూపించమనండి, తీసిన పాత భాగం ఇమ్మనండి, బిల్లు మీద కారణం రాయించండి. కానీ మైక్రోవేవ్ మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసేసినా అందులోని కెపాసిటర్‌లో వేల ఓల్టుల విద్యుత్తు నిలిచి ఉండి ప్రాణం తీయగలదు.

రామగుండం ఎన్‌టీపీసీ మొదటి యూనిట్ 1983లో మొదలైంది. మన బొగ్గుతో, మన గోదావరి నీళ్లతో అక్కడ తయారయ్యే కరెంటు దక్షిణాది రాష్ట్రాలకు వెలుగునిస్తోంది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని జైపూర్‌లో సింగరేణి వారి 1200 మెగావాట్ల కేంద్రం ఉంది. ఇంత కరెంటు పుట్టే నేల మీద, మన వీధి చివరి జాయింటు గట్టిగా ఉండాలని కోరుకోవడం అత్యాశా?

కోరడమే కాదు, అడిగే హక్కూ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కరెంటు సరఫరాను కూడా 'సేవ' కిందే లెక్కించింది. కరెంటు సేవలో లోపం ఉంటే వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు వాటినే కమిషన్లు అంటున్నాం. రెండేళ్లలోగా వెళ్లాలి. అడిగిన ప్రతివారికీ పరిహారం వస్తుందని కాదు. "గాలివానకు మేమేం చేస్తాం?" అంటారు. అందుకే ఆధారం కావాలి.

ఆ ఆధారం ఇల్లాలి దగ్గరే ఉంటుంది. తీగ తెగిపోయే ముందు చాలాసార్లు సూచన ఇస్తుంది. గాలి వీచినప్పుడల్లా లైట్లు మసకబారి, మళ్లీ మరీ ప్రకాశంగా వెలుగుతుంటే న్యూట్రల్ వదులైందని అనుమానించాలి. పగలంతా ఇంట్లో ఉండే మనిషే దీన్ని మొదట గమనిస్తుంది. వెంటనే మెయిన్ ఆపేయండి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. వస్తువులు కాలితే నాలుగిళ్ల ఆడవాళ్లూ కలిసి ఒకే కాగితం మీద తేదీ, సమయం, కాలిన వస్తువులు రాసి సంతకాలు చేసి ఇవ్వండి. నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఒకే నిమిషంలో నాలుగిళ్లలో వస్తువులు కాలాయంటే, అది ఏ ఒక్క ఇల్లాలూ ఒత్తిన మీట కాదు గదా!

మన జాగ్రత్త మనకూ ఉండాలి. ఓల్టేజి హద్దు దాటితే సరఫరా ఆపేసే పరికరాన్ని మెయిన్ దగ్గర పెట్టించుకోవచ్చు. ఎర్తింగ్ గుంత ఎండాకాలంలో ఎండిపోతుంది, దానికి నీళ్లు పోయాలి. తొలకరి వేళ ఆదిలాబాద్ వైపు పిడుగులు ఎక్కువ. ఉరుము దూరాన వినిపించగానే ప్లగ్గులు తీసేయడమే మేలు, పిడుగు ముందు స్టెబిలైజరు నిలవదు.

చెల్లెళ్లారా, గ్యాస్ పుస్తకం పక్కన ఇంకో చిన్న పుస్తకం పెట్టుకోండి. అందులో కొన్న బిల్లులు, వారంటీ కార్డులు, ఫిర్యాదు నంబర్లు ఉంచండి. ఈసారి "నువ్వేం చేశావ్?" అని ఎవరైనా అడిగితే, నేనేం చేశానో ఇందులో ఉంది చూడండని ఆ పుస్తకం చేతికివ్వండి.