డల్లాస్ ఎంత దూరం?

మైపాడు దగ్గర మా చుట్టాల ఊళ్లో ఒక పెద్దాయన పోయారు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వాకిట్లో ఐస్‌బాక్సు పెట్టారు. ‘విమానమే గదా నాయనా, రేపటికి వచ్చేయడా?’ అని వాళ్ల పెద్దమ్మ ఒకటే అడగడం. అక్కడున్న వాళ్లం తలా ఒక లెక్క చెప్పాం. ఒక్కటీ నిజం కాలేదు.

ఇంటికొచ్చాక పిల్లల గ్లోబు తీసుకుని నెల్లూరు నుంచి డల్లాస్‌కి దారం బిగించి చూశాను. పడమరగా అరేబియా సముద్రం మీదుగా పోతుందనుకుంటాం కదా! పోదు. తిన్నగా ఉత్తరానికి ఎక్కి, హిమాలయాలు దాటి, ఉత్తర ధ్రువం పక్క నుంచి అవతలికి దిగుతుంది. నెల్లూరు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే డల్లాస్ 97 డిగ్రీల పడమర మీద ఉంది. రెండూ కలిపితే 177. ఇంకో మూడు డిగ్రీలుంటే, ఇక్కడ నట్టనడి మధ్యాహ్నం అయినప్పుడు అక్కడ సరిగ్గా అర్ధరాత్రి!

దారం లెక్కన దూరం దాదాపు 14,750 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతే పదహారు గంటల పైచిలుకు. అంత దూరం ఆగకుండా ఎగిరే విమానాలు లేకపోలేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఒకే ఊపున పోతాయి. చెన్నై, డల్లాస్‌ల మధ్య మాత్రం అలాంటిది లేదు. గల్ఫ్‌లోనో యూరప్‌లోనో దిగి మారాల్సిందే.

దుబాయ్ మీదుగా వస్తే ఎంతవుతుందో చూద్దాం. ఇల్లు వదిలి విమానం ఎక్కేసరికి మూడు గంటలు. దుబాయ్‌కి పద్నాలుగున్నర. అక్కడ నిరీక్షణ తక్కువలో తక్కువ మూడు. చెన్నైకి నాలుగు. ఇమిగ్రేషన్, సామాను గంటన్నర. అక్కణ్నుంచి నెల్లూరు 175 కిలోమీటర్లు, ఆపైన మైపాడు. అదో నాలుగు గంటలు. మొత్తం ముప్ఫై! పైగా చలికాలంలో మన గడియారం వాళ్లకంటే పదకొండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సోమవారం సాయంత్రం ఆరింటికి ఇల్లు కదిలితే ఇక్కడ వాకిట్లో అడుగుపెట్టేది బుధవారం పదకొండున్నరకి. ఇదంతా టికెట్ వెంటనే దొరికితేనే.

వచ్చేటప్పుడు ఎత్తున వీచే పడమటి గాలులు విమానాన్ని ముందుకు తోస్తాయి. తిరిగి వెళ్లేటప్పుడు అవే ఎదురొస్తాయి, ఇంకాస్త ఆలస్యం. వీసా స్టాంపింగ్ గడువు దాటి ఉంటే తిరుగు ప్రయాణం గంటల్లో కాదు, వారాల్లో లెక్క. చాలామంది పిల్లలు బయల్దేరడానికి తటపటాయించేది అక్కడే.

మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహం గంటన్నరలో భూమిని చుట్టేస్తుంది. మనిషికి ఆ వీలు లేదు.

ఆ అబ్బాయి మూడో రోజు మధ్యాహ్నానికి చేరాడు. పెద్దాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడే ‘రానా?’ అని అడిగాడట. ‘ఎందుకురా ఖర్చు, ఇంకో వారం చూద్దాం’ అన్నది ఇంట్లోవాళ్లే. వాళ్లమ్మ ఆ మాటే తలుచుకుని తలుచుకుని ఏడ్చింది.

అమెరికాలో బిడ్డలున్న వాళ్లు ఈ ముప్ఫై గంటల లెక్క కాగితమ్మీద రాసి పెట్టుకోండి. పాస్‌పోర్టు, వీసా గడువులు ఈ ఆదివారం ఫోన్లోనే అడిగి తెలుసుకోండి. వాడు ‘రానా?’ అని అడిగితే మాత్రం, రమ్మనే చెప్పండి.