‘ఐ’ ఎక్కడ, ‘మీ’ ఎక్కడ?

మా మేనకోడలు సెలవులకు వచ్చి, వాళ్ళ స్నేహితురాలికి రాసిన ఇంగ్లీషు ఉత్తరం నాకు చూపించింది. తాతయ్య తమ్ముడికీ తనకూ కలాలు ఇచ్చాడనడానికి ‘గ్రాండ్‌ఫాదర్ గేవ్ మై బ్రదర్ అండ్ ఐ పెన్స్’ అని రాసింది.

“ఇక్కడ ‘ఐ’ ఎందుకే?” అన్నాను.

“‘మీ’ అంటే క్లాసంతా నవ్వుతారు మామయ్యా!” అంది.

సంగతేమిటంటే, ఒకసారి ‘మీ అండ్ మై బ్రదర్ వెంట్’ అన్నందుకు దాన్ని బెంచీ ఎక్కించారట. దిద్దడం సరైనదే. వెళ్ళింది తను, అంటే కర్త, కనక ‘ఐ’ అనాలి. పైగా ఆ భాషలో తనను చివర చెప్పుకోవడం మర్యాద. మనమేమో హాయిగా ‘నేనూ, మా తమ్ముడూ’ అంటాం. కాని కారణం చెప్పకుండా చీవాట్లు పెడితే పిల్లకు ఏం బోధపడుతుంది? ‘మీ’ మోటు మాట, ‘ఐ’ పెద్దమనిషి మాట అని! అప్పటినించీ క్లాసులో నోరు విప్పడమే మానేసింది. కాగితం మీద మాత్రం ఎక్కడ చూసినా ‘ఐ’.

ఈ భయం మన పిల్లలకే కాదు. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళు కూడా ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అంటూంటారు. ఆ మాటకొస్తే, షేక్‌స్పియర్ ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ నాటకంలో ఆంటోనియో రాసిన ఉత్తరంలోనూ ఆ మాటే ఉంది. అయితే షేక్‌స్పియర్‌కు చెల్లింది గదా అని పరీక్ష పేపర్లు దిద్దేవారు మన అమ్మాయిని వదిలిపెట్టరు.

“తమ్ముణ్ణి కాసేపు వాక్యంలోంచి బయటికి పంపెయ్. ‘గ్రాండ్‌ఫాదర్ గేవ్ ఐ’ అంటావా?” అన్నాను. ఫక్కున నవ్వింది. ‘గేవ్ మీ’ అని తనే చెప్పింది. తమ్ముడు తిరిగొచ్చినా ఆ ‘మీ’ మారదు. ‘బిట్వీన్’ దగ్గర మాత్రం ఎవరినీ పంపలేం. ఇద్దరు లేనిదే ‘మధ్య’ ఎక్కడిది? అక్కడ ఇద్దర్నీ కలిపేసి చూడాలి. ‘బిట్వీన్ వియ్’ అనం, ‘బిట్వీన్ అజ్’ అంటాం. కనక ‘యూ అండ్ మీ’.

తెలుగులోకి మార్చి చూసుకుంటే చాలదా అంటారు కొందరు. ‘నేను’ అయితే ‘ఐ’, ‘నన్ను, నాకు’ అయితే ‘మీ’. చాలాచోట్ల కుదురుతుంది గాని, ‘నాకు ఆకలేస్తోంది’ దగ్గర బోల్తా పడతాం. మనకు ఆకలి వచ్చి వేస్తుంది. వాళ్ళకు మనిషే కర్త, ‘ఐ యామ్ హంగ్రీ’. ‘నాకు తెలుసు’, ‘నాకు కావాలి’ కూడా ఇంతే.

దీనికి తలకిందులైనది తలుపు దగ్గర. ‘ఎవరూ?’ అంటే మనం ‘నేనే’ అంటాం. లాటిన్ పద్ధతి చూసుకుని పాత వ్యాకరణాలు ‘ఇటీజ్ ఐ’ అనమన్నాయి. వాళ్ళ ఇళ్ళలో మాత్రం అందరూ ‘ఇట్స్ మీ’ అనే అంటారు. ‘ఇటీజ్ ఐ’ అన్నా తలుపు తీస్తారనుకోండి, కాకపోతే నాటకాల కంపెనీవాడు వచ్చాడేమోనని ఎగాదిగా చూస్తారు.