పంట కాపలాకు ఒంటి గుండు తుపాకి: చట్టంలో ఉన్న దారి ఊరిదాకా వచ్చేనా?

వేరుశనగ ఊడ దిగే వేళ, చెరకు తీపెక్కే వేళ, రాగి వెన్ను బరువుకు వంగే వేళ అడవి అంచు రైతు కంటికి కునుకు ఉండదు. పలమనేరు, కుప్పం, చంద్రగిరి ప్రాంతాల్లో ఇది ఏటా చూస్తున్నదే. మంచె కట్టుకుని, డప్పు కొట్టి, టపాసులు పేల్చి కాపలా కాసినా తెల్లవారేసరికి అడవి పందులు సాళ్ళకు సాళ్ళు పెళ్ళగించి పోతున్నాయి. ఏనుగుల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ పరిస్థితిలో రైతుల నోట తరచు వినిపించే మాట ఒకటి ఉంది: "మాకూ ఒక తుపాకి ఇప్పించండి." వారు అడిగేది యుద్ధానికి పనికివచ్చే ఆయుధం కాదు. ఒకసారి మందు దట్టిస్తే ఒక్కసారి మాత్రమే పేలే ఒంటి గొట్టం తుపాకి. ఇందుకు చట్టంలో చోటు ఉంది. అయితే ఆ చోటికి చేరడానికి దాటవలసిన గడపలు ఎన్ని, దాటలేక అడ్డదారి పట్టినవారికి కాచుకుని ఉన్న శిక్ష ఎంత అన్నది మన గ్రామాల్లో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల నష్టపోతున్నది పేదవాడే.

చట్టంలో ఏముంది?

1878లో తెల్లదొరలు ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేనిదే ఆయుధం ఉండరాదని భారతీయులకు ఆంక్ష పెట్టి, ఐరోపావారికి మినహాయింపు ఇచ్చుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం స్థానంలో 1959 ఆయుధాల చట్టం వచ్చి, 1962 నుంచి అమలులోకి వచ్చింది. నేటికీ ఆధారం అదే. దానికింది నియమాలను 2016లో తిరగరాశారు. 2019లో శిక్షలను బాగా పెంచారు.

ఈ చట్టం 13వ సెక్షన్‌లో రైతు కోసమే అన్నట్లు ఒక మాట ఉంది. నిజంగా పంట రక్షణ కోసం గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకి కావాలని పౌరుడు దరఖాస్తు పెడితే, నిరాకరించడానికి చట్టం చెప్పిన కారణాలు లేనప్పుడు, అధికారి లైసెన్సు ఇవ్వాలి. "ఇవ్వవచ్చు" అని కాదు, "ఇవ్వాలి" అనే చట్టంలో ఉంది. ఆ తుపాకి చాలదని అధికారికి నమ్మకం కలిగితే, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నునుపు గొట్టపు తుపాకికి కూడా లైసెన్సు ఇవ్వవచ్చు. దరఖాస్తుదారుకు 21 ఏళ్ళు నిండి ఉండాలి. జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు లైసెన్సు ఇస్తారు. దానికి పోలీసు విచారణ నివేదిక కావాలి. 2016 నియమాల ప్రకారం తుపాకిని భద్రంగా వాడడంలో శిక్షణ పొందాలి. ఇంట్లో దాన్ని భద్రంగా దాచే ఏర్పాటూ ఉండాలి. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది.

పది కిలోమీటర్ల గీత

అయితే అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్తగా తుపాకి లైసెన్సు ఇవ్వాలంటే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనే రాష్ట్రస్థాయి అటవీ అధికారి ముందస్తు సమ్మతి ఉండాలి. అప్పటికే లైసెన్సు ఉన్నవారు కూడా ఆయన వద్ద పేరు నమోదు చేసుకోవాలి. జాతీయ పార్కులకూ ఇదే వర్తిస్తుంది.

మన ప్రాంతంలో ఈ గీత ఎక్కడెక్కడ పడుతుందో చూడండి. పలమనేరు, కుప్పం అడవుల్లో కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడింది. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి 1980లలో వలస వచ్చిన ఏనుగుల కోసం దాన్ని ఏర్పాటు చేశారు. శేషాచలంలో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు 1989 నుంచి ఉంది. అంటే పంట నష్టం ఎక్కడ ఎక్కువో, లైసెన్సుకు గడపలు కూడా అక్కడే ఎక్కువ. అడవికి దూరంగా ఉన్న ఆసామికి కలెక్టరేటు ఒక్కటే గడప. అడవి గట్టున రెండెకరాలు చేసుకునే రైతు దరఖాస్తు కలెక్టరేటు నుంచి రాష్ట్ర అటవీ కార్యాలయం దాకా నడవాలి.

ఈ నిబంధన పెట్టడానికి కారణం లేకపోలేదు. అభయారణ్యం చుట్టూ తుపాకులు పెరిగితే వేటగాళ్ళకు అవి అందివస్తాయి. శేషాచలంలో ఎర్రచందనం దొంగల బెడద కూడా ఉన్నందున అడవి దారిలో తుపాకితో కనిపించిన ప్రతివాడినీ అనుమానించవలసి వస్తున్నది. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం. పారిపోయిన పంది వెంట అడవిలోకి వెళ్ళే రైతు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తుపాకికి ఒక కాగితం, కాల్చడానికి ఇంకొకటి

లైసెన్సు వచ్చింది కనుక చేలో పడ్డ జంతువును కాల్చవచ్చునని చాలామంది అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు. తుపాకి ఇంట్లో ఉంచుకోవడానికి ఇచ్చే అనుమతి వేరు, జంతువును చంపడానికి ఇచ్చే అనుమతి వేరు. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పంది రెండవ షెడ్యూలులో ఉంది. అది పంటకు ప్రమాదకరంగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతించాలి. అది లేకుండా కాలిస్తే లైసెన్సు జేబులో ఉన్నా కేసు తప్పదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది; మాంసం పంచుకుంటే అది మరో నేరం.

ఒక్క మినహాయింపు ఉంది. తన ప్రాణం గానీ, ఎదుటివాడి ప్రాణం గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో జంతువును గాయపరచినా చంపినా నేరం కాదు. ఇది ప్రాణానికే గాని పంటకు వర్తించదు.

ఏనుగు మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. పైగా నాటు తుపాకి ఏనుగును చంపదు, రెచ్చగొడుతుంది. ఒక దెబ్బ పేలిన తరువాత మళ్ళీ మందు, గుండు, టోపీ పెట్టుకునే సమయం ఏనుగు ఇవ్వదు. 2025 జనవరిలో చంద్రగిరి మండలంలో పొలాల్లో పడ్డ ఏనుగులను తరమబోయి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఏనుగులకు మందు తుపాకి కాదు. 2025 మే నెలలో కర్ణాటక మన రాష్ట్రానికి నాలుగు కుంకీ ఏనుగులను అప్పగించింది. పలమనేరు వద్ద ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటయింది. ఈ దారిలోనే పరిష్కారం వెదకాలి.

కొలిమి దగ్గర చిక్కు

చట్టం దారి దూరమైనప్పుడు కొందరు దగ్గరి దారి చూసుకుంటారు. ఇనుప గొట్టంతో నాటు తుపాకి చేయించుకోవడం, పాతదాని గొట్టం పొట్టి చేయించడం, ఎయిర్ గన్నును మందుతో పేలేలా మార్పించడం వంటివి "మన ఊరి పనే కదా" అనే ధీమాతో జరుగుతుంటాయి. 2019 సవరణ తరువాత దీనికి ఎంత శిక్ష పడుతుందో తెలిస్తే ఆ ధీమా నిలవదు.

లైసెన్సు లేకుండా మామూలు తుపాకి ఉంచుకున్నవారికి రెండేళ్ళకు తగ్గకుండా అయిదేళ్ళ దాకా జైలు, జరిమానా. లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేసినవారికి, అమ్మినవారికి, మార్చినవారికి, చివరకు బాగుచేసినవారికి కూడా ఏడేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం దాకా పడవచ్చు. అంటే ఊరికే ఉంచుకున్న ఆసామి కంటే చేసిపెట్టిన కమ్మరికే ఎక్కువ శిక్ష. నాలుగు వందల కూలికి ఆశపడి కొలిమి రాజేసినవాడు ఏడేళ్ళు పిల్లలకు దూరం కావలసి వస్తుంది. గొట్టం పొట్టి చేయడం, బొమ్మ తుపాకిని నిజం తుపాకిగా మార్చడం, ఒక రకం తుపాకిని ఇంకో రకంగా మార్చడం చట్టం విడిగా పేర్కొన్న నేరాలు.

లైసెన్సు ఉన్నవారు కూడా తమ తుపాకిని ఇష్టం వచ్చినట్లు మార్చుకోరాదు. తుడిచి నూనె పెట్టుకోవడం, భుజానికి పటకా కట్టుకోవడం యజమాని పని. గుర్రం, మీట, గొట్టం జోలికి వెళ్ళవలసి వస్తే లైసెన్సు ఉన్న తుపాకి పనివాని వద్దకే పోవాలి. జాతరలోనో, పెళ్ళి ఊరేగింపులోనో సంబరానికి గాలిలోకి పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చినా రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

పాయింట్ 22 సంగతి

పట్నంలో చదువుకునే పిల్లల ద్వారా పాయింట్ 22 రైఫిలు పేరు పల్లెల్లోకి కూడా వచ్చింది. చిన్న తూటా, ఖర్చు తక్కువ, గురి బాగుంటుంది. కాని చట్టం దీనికి చూపిన చోటు వేరు. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులో సభ్యుడై గురి సాధన చేసేవారికి దీని లైసెన్సు ఇవ్వాలని అదే 13వ సెక్షన్ చెబుతున్నది. పంట కాపలాకు దీన్ని చెప్పలేదు. పంట రక్షణకు అది తగినదీ కాదు. ఆ చిన్న తూటా బలిసిన పందిని అక్కడికక్కడే పడగొట్టదు. గాయపడ్డ పంది పొదలో నక్కి మరునాడు గడ్డికి వెళ్ళిన ఆడమనిషి మీద పడుతుంది. రైఫిలు గుండు దూరం పోతుంది కనుక చీకట్లో పక్క చేలో కాపలా ఉన్నవాడికి కూడా ముప్పే. తక్కువ శక్తి ఉన్న ఎయిర్ గన్నులకు లైసెన్సు అక్కరలేదు గాని, వాటితో పందికి చుర్రుమనడం తప్ప మరేమీ జరగదు.

తాతల నాటి తుపాకి

కొన్ని ఇళ్ళల్లో అటకమీద తాతల నాటి తుపాకులు ఉన్నాయి. లైసెన్సు తాత పేరున ఉండి, తాత పోయి ఏళ్ళు గడిచి ఉంటాయి. "మేము వాడడం లేదు కదా" అంటే చెల్లదు. లైసెన్సు గడువు తీరినా, యజమాని మరణించినా ఆలస్యం చేయకుండా దాన్ని పోలీసు స్టేషనులో గానీ లైసెన్సున్న డీలరు వద్ద గానీ జమ చేయాలి. వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. యజమానికి 70 ఏళ్ళు నిండినా, తుపాకి తెచ్చుకుని 25 ఏళ్ళు అయినా ఆయన బతికి ఉండగానే వారసునికి లైసెన్సు ఇచ్చే వీలు 2016 నియమాల్లో ఉంది. తండ్రులు ఈ పని ఇప్పుడే చూసుకుంటే కొడుకులకు కోర్టు తిరుగుడు తప్పుతుంది.

ఇరుగు పొరుగు ఏం చేశారు?

కర్ణాటకలోని కొడగులో లైసెన్సు అక్కరలేదట కదా అని కొందరు అడుగుతుంటారు. కొడవ జాతివారికీ, అక్కడి జమ్మా భూముల హక్కుదార్లకూ తెల్లవారి కాలం నుంచి ఉన్న మినహాయింపు అది. కేంద్ర ప్రభుత్వం దాన్ని 2029 అక్టోబరు 31 దాకా పొడిగించింది. మనకు అది వర్తించదు.

మనం చూడవలసింది కేరళ వైపు. అక్కడి ప్రభుత్వం 2022లో పంచాయతీ అధ్యక్షులకే అడవి పందిని కాల్చడానికి ఉత్తర్వు ఇచ్చే అధికారం ఇచ్చింది. లైసెన్సు ఉన్న తుపాకిదారుల చేత ఆ పని చేయిస్తున్నారు. ప్రతి రైతుకూ తుపాకి ఇవ్వలేదు. ఉన్న తుపాకులను ఒక పద్ధతిలో పెట్టారు. తమిళనాడు 2025 జనవరిలో మరో దారి చెప్పింది. అడవి నుంచి మూడు కిలోమీటర్లు దాటి వచ్చిన పందులను అటవీ సిబ్బందే కాల్చేలా నిర్ణయం ప్రకటించింది.

చేయవలసింది ఏమిటి?

ఊరి నిండా తుపాకులు వస్తే పందుల బెడద తీరకముందే గట్టు తగాదాల్లో మనుషులు పోతారు. ఆ భయం న్యాయమైనదే. అలాగని రైతుకు ఏ దారీ చూపకుండా ఉంటే అతను కరెంటు తీగ పరుస్తాడు, లేదా నాటు బాంబు పెడతాడు. ఆ తీగకు ఏనుగులు బలి అవుతున్నాయి, తెల్లవారుజామున చేలోకి వెళ్ళిన మనుషులూ బలి అవుతున్నారు. ఆ బాంబును మేతకు వెళ్ళిన ఆవు కొరుకుతుంది. లైసెన్సు తుపాకికి నంబరు ఉంటుంది, బాధ్యుడు ఉంటాడు. చీకట్లో పరిచిన తీగకు బాధ్యుడెవడో శవం లేచేదాకా తెలియదు.

కనుక అధికారులు కొన్ని పనులు చేయవలసి ఉంది. పంట రక్షణ దరఖాస్తులపై కలెక్టరేటు, పోలీసు, అటవీ శాఖలు ఒకేచోట కూర్చుని గడువులోగా తేల్చాలి. పంచాయతీకి ఒకరిద్దరు చొప్పున నమ్మకస్తులైన లైసెన్సుదారులను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, అటవీ సిబ్బంది సమక్షంలోనే పందులను కాల్చే పద్ధతి పెట్టాలి. రాతపూర్వక అనుమతి రేంజి కార్యాలయంలోనే దొరికేలా అధికారాన్ని కిందికి దించాలి. ఎన్నికలప్పుడు తుపాకులు స్టేషనులో జమ చేయించుకుంటారు. ఆ రోజుల్లో పంటకు కాపలా ఎవరో కూడా ముందే చెప్పాలి.

రైతులూ తమ వంతు చేయాలి. పంట నష్టం జరిగిన రోజే అటవీ శాఖకు రాసి ఇచ్చి రసీదు పుచ్చుకోవాలి. రేపు దరఖాస్తుకు అదే ఆధారం. లైసెన్సు నిరాకరిస్తే కారణం రాతలో అడగాలి. కారణాలు నమోదు చేయడం అధికారి విధి. పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కూ ఉంది.

చట్టం 1959లోనే రైతును గుర్తుంచుకుని ఒక దారి తీసిపెట్టింది. ఆ దారికి అడ్డంగా పెరిగిన కంపను నరికే పని ప్రభుత్వానిది. అంతవరకూ కొలిమి వైపు చూడకుండా ఉండడం మన ఇళ్ళకు మనమే చేసుకునే మేలు.