గుత్తికోయలకు మందిరంలో ఆశ్రయం: దేవరుప్పుల సంఘం తీర్మానం

దేవరుప్పుల మండలంలోని మా సంఘ సర్వసభ్య సమావేశం సంఘకాపరి అధ్యక్షతన జరిగింది. సంఘపెద్దలు, స్త్రీల సమాజం, యువజనులు చర్చించిన మీదట ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలయ్యాక బస్తర్ పల్లెలు తగలబడ్డాయి. ఒకవైపు జుడుం, మరోవైపు మావోయిస్టులు. నడుమ నలిగిన ఆదివాసులు ప్రాణాలు దక్కించుకొని వచ్చి భూపాలపల్లి, ములుగు, భద్రాద్రి అడవుల్లో వాగుల పక్కన గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళనే ఇక్కడ గుత్తికోయలంటారు. జుడుంకు 2011 జూలై 5న సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసినా వాళ్ళకు తిరిగి వెళ్ళడానికి ఊరు మిగల్లేదు. అక్కడ షెడ్యూల్డు తెగవారైనా ఇక్కడ ఆ గుర్తింపు లేదు. కుల ధ్రువపత్రం రాదు, పోడు పట్టా రాదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచ గుడిసెలను అటవీ సిబ్బంది కూల్చేశారు.

2020 లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి తోటల్లో కూలికి వచ్చి, అక్కడి నుంచి బీజాపూర్‌కు నడిచి వెళ్తూ పన్నెండేళ్ళ ఆదివాసి పాప ఇంటికి చేరువలో కన్నుమూసింది. ఆ తోటల మిర్చి తిన్నవాళ్ళం మనం. ఆ చావుతో మనకు సంబంధం లేదని ఈ సమావేశం అనుకోవడం లేదు.

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో అటవీ రేంజి అధికారి హత్య ఘోరం. ఆయన కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి. గుత్తికోయలైన దోషులిద్దరికీ న్యాయస్థానం యావజ్జీవ శిక్ష వేసింది. కానీ హత్య జరగగానే బెండాలపాడు గ్రామపంచాయతీ గుత్తికోయలందరినీ వెళ్ళగొట్టాలని తీర్మానించింది. ఇద్దరి నేరానికి పసిపిల్లలతో సహా గూడెమంతటినీ తరిమేయడం అన్యాయం. వాళ్ళు ఈ దేశ పౌరులు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది.

ఊరు వదలడమంటే ఏమిటో మనకూ తెలుసు. మన మండలంలోని కడవెండిలోనే 1946 జూలై 4న భూస్వాములపై పోరాటంలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తర్వాత రజాకార్ల కాలంలో ఈ ప్రాంతపు జనం ఊళ్ళు విడిచి పరాయి పంచన తలదాచుకున్నారు. అలాంటివాళ్ళకు ఆశ్రయమిచ్చిన మందిరాలూ ఉన్నాయి. 2008లో దక్షిణాఫ్రికాలో వలస వచ్చినవాళ్ళ మీద దాడులు జరిగిన రోజుల్లో జొహానెస్‌బర్గ్ సెంట్రల్ మెథడిస్టు చర్చి జింబాబ్వే వాళ్ళకు మెట్ల మీద కూడా పడుకోను చోటిచ్చింది. మా మందిరం చిన్నదే అయినా ఆ పని చేయగలదు.

కాబట్టి, భయపడి గానీ పని వెతుక్కుంటూ గానీ వచ్చిన ఏ కుటుంబానికైనా మందిరం హాలు, వరండా, వంటపాక రాత్రీపగలూ తెరిచి ఉంచాలని తీర్మానించడమైనది. ఆధార్ అడగరాదు, మతం అడగరాదు. ప్రార్థనకు రమ్మని ఒత్తిడి చేయరాదు. అన్నం పెట్టి మతం మార్చారన్న మాట ఈ మందిరానికి రాకూడదు. వారిని పనిలో పెట్టుకునే సంఘ సభ్యులు ఊరి కూలీలకిచ్చే కూలే ఇవ్వాలి, తగ్గించినవారిని పెద్దలు పిలిచి అడగాలి. పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత యువజనులది. వయసు పత్రం లేదని బడి నిరాకరించడానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు.

పునరావాసం చూపకుండా గుడిసెలు కూల్చవద్దని, వలస ఆదివాసుల గుర్తింపును తేల్చాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం. ఈ తీర్మానం ప్రతులను దేవరుప్పుల తహశీల్దారుకు, జనగామ, భూపాలపల్లి కలెక్టర్లకు, ఏటూరునాగారం ఐటీడీఏకు పంపాలి.