అయిదు స్టార్లు ఎవరి కోసము?



కిందటి మాసములో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక తల్లి మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నది. చాలాసేపు మాట పెగలలేదు. మిరపచేనుకు పురుగుమందు కొనుటకు ఖాతాలో దాచిన సొమ్ములో 3,800 రూపాయలు తగ్గిపోయినవట. ఎవరో దొంగలు తీశారనుకొని బ్యాంకుకు పరుగెత్తితే, ఇంటిలోని ఫోను నుండే పోయినవని అక్కడివారు చూపించారు. ఇంటరు చదువుతున్న కుమారుడు ఒక వీడియో గేములో బొమ్మ తుపాకులు, బొమ్మ దుస్తులు కొన్నాడు. ఒకేసారి కాదు. ఒకనాడు 79 రూపాయలు, ఒకనాడు 159, ఒకనాడు 399. ఇట్లు పదిహేను దినములు.

“చూడకుండా ఎక్కించుకోనివ్వలేదు అయ్యగారూ. అయిదుకు నాలుగున్నర మార్కులు ఉన్నాయి. అంతమంది మంచిదంటే మంచిదే గదా అనుకున్నాను” అన్నది.

మరునాడు కుర్రవానిని పిలిపించాను. వాడు ఏమీ దాచలేదు, ఆ మాట చెప్పవలెను. “ఆ గేముకు నువ్వు ఎన్ని మార్కులు వేశావురా?” అని ఊరకనే అడిగాను.

“అయిదు అయ్యగారూ. అయిదు స్టార్లు ఇస్తే యాభై డైమండ్లు ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా” అన్నాడు.

సొమ్ము పోయిన సంగతికంటె ఈ మాటే నా మనస్సులో ఎక్కువ దినములు నిలిచినది. ఆ తల్లి నమ్మినది ఇట్టి కుర్రవాండ్రు వేసిన మార్కులనే. ఇక వీడు వేసిన మార్కును మరొక ఊరిలో మరొక తల్లి చూస్తుంది. బహుమానము చూపి మార్కులు వేయించుకొనుట ప్లే స్టోరు నడిపే గూగుల్ సంస్థ నియమములకే విరుద్ధము. అయినను అడిగేవారు అడుగుతున్నారు, ఇచ్చేవారు ఇస్తున్నారు.

పిల్లలు వీడియో గేములు ఆడవచ్చునా, కూడదా అనే సంగతి ఈ పేజీలో ఇదివరకు మాట్లాడుకున్నాము. ఈ మాసము దాని జోలికి పోను. ఆడేవారు ఎట్లాగూ ఆడుతున్నారు. ఆడినవాడు మార్కు వేయునప్పుడు ఎట్లు వేయవలెను అనేదే నేటి సంగతి. “దీనికి కూడా ఒక వ్యాసమా?” అని పెద్దలు నవ్వవచ్చును. 3,800 రూపాయలు పోయిన ఇంటివారు నవ్వలేదు.

నాకు గేములు ఆడుట రాదు. పట్టణములో కంప్యూటరు పని చేసే మా తమ్ముని కుమారుని అడిగి కొంత, చదివి కొంత తెలిసికొన్నాను. ఈ మార్కుల పద్ధతి పాతదే. జపానులో ‘ఫామిట్సు’ అనే పత్రిక 1986లో మొదలైనది. అందులో ఒక్కొక్క గేమును నలుగురు ఆడి, ఒక్కొక్కరు పదికి మార్కులు వేసేవారు. మొత్తము నలభై. నలభైకి నలభై మొట్టమొదట వచ్చినది 1998లో, ‘జెల్డా’ వరుసలోని ‘ఆకరీనా ఆఫ్ టైమ్’ అనే గేముకు. అనగా పన్నెండేండ్లపాటు ఎవరికీ నూటికి నూరు ఇవ్వలేదు! ఈ సంగతి నాకు చాలా నచ్చినది. మన పిల్లలు పది నిమిషములు ఆడి అయిదుకు అయిదు వేస్తున్నారు.

మూడు సంవత్సరముల క్రిందట పిల్లల పాటల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. ఎవరినీ నొప్పించరాదని ఎనిమిదికి తక్కువ ఎవరికీ వేయలేదు. పాట మధ్యలో మరచిపోయి నిలబడిన పిల్లకు ఎనిమిది. అందరికంటె బాగా పాడిన పిల్లకు తొమ్మిది. బాగా పాడిన పిల్ల తండ్రి తరువాత నా దగ్గరకు వచ్చి, “ఆరు నెలలు నేర్చుకున్నదానికీ నేర్చుకోనిదానికీ మీ లెక్కలో ఒక్క మార్కే తేడానా అయ్యగారూ?” అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయినది.

గేముల లోకములోను ఇదే జరిగినది. 2001 నుండి ‘మెటాక్రిటిక్’ అనే సంస్థ పత్రికలవారు వేసిన మార్కులన్నిటిని కలిపి నూటికి లెక్కకట్టుచున్నది. ఆ సంస్థ సినిమాకు 61 వస్తే మంచిదని ఆకుపచ్చ రంగు వేస్తుంది. గేముకు 75 వస్తే గాని ఆ రంగు వేయదు. గేములకు మార్కులు ఎంత ధారాళముగా పడుచున్నవో దీనినిబట్టి గ్రహించవచ్చును. పదికి ఏడు వచ్చినదంటే కుర్రవాండ్రు అది చెడ్డ గేమనే అనుకుంటారట. అట్లయితే ఒకటి నుండి ఆరు వరకు ఉన్న అంకెలు ఎందుకు?

ఆ అంకె మీద బ్రతుకులు కూడా ఆధారపడుచున్నవి. అమెరికాలోని అబ్సిడియన్ అనే సంస్థవారు ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ అనే గేమును తయారుచేశారు. 2010 అక్టోబరులో అది విడుదలైనది. మెటాక్రిటిక్‌లో 85 వస్తే వారికి అదనపు సొమ్ము ముట్టవలెనని ఒప్పందము. వచ్చినది 84. ఈ సంగతి ఆ సంస్థలో పనిచేసిన క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టాడు. మార్కులు వేసినవారిని నేను తప్పుపట్టను. విడుదలైననాడు ఆ గేములో లోపములు మెండుగానే ఉన్నవి. వారు చూసినది వారు వ్రాశారు. మనుష్యుల కూలిని ఒక అంకెకు కట్టివేసిన ఒప్పందమే నాకు నచ్చలేదు. ఏమైనను, మార్కు వేయుట గాలిలో మాట విసరుట కాదని దీనివలన తెలియుచున్నది.

ఎక్కువ వేసి అబద్ధమాడేవారు ఒకవైపు ఉంటే, కోపముతో సున్న వేసేవారు మరొకవైపు ఉన్నారు. 2020 జూన్ 19న ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ విడుదలైనది. పూర్తిగా ఆడుటకు ఇరువది గంటలకు పైగా పట్టును. అయితే విడుదలైన కొన్ని గంటలలోనే వేలమంది దానికి సున్న వేశారు. అందులోని కథ మలుపులు ముందే బయటపడినందున, ఆడకుండానే పగబట్టినవారు వారిలో అనేకులు. ఆ తరువాత మెటాక్రిటిక్‌వారు గేము వచ్చిన 36 గంటల వరకు ఆటగాండ్రు మార్కులు వేయకుండ ఆపివేశారు. కనీసము అంతసేపైనా ఆడండి అని చెప్పవలసి వచ్చినదన్నమాట!

మా ప్రాంతపు రైతులకు ఇది సులభముగా అర్థమగును. గుంటూరు మిర్చియార్డులో కొనేవాడు టిక్కీ పైనున్న కాయలు చూచి ధర కట్టడు. గోనె విప్పి లోపలికి చేయి పెడతాడు. అడుగు నుండి గుప్పెడు తీసి రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు కాయలు ఎన్నో చూస్తాడు. పై పొరలో ఎర్రని కాయలు పేర్చి లోపల తాలు పెట్టిన టిక్కీలు వాడు ఎన్ని చూడలేదు! గేములు కూడా అట్లే ఉన్నవి. ఉచితముగా దొరికే గేములు చాలావరకు మొదటి గంటలో బహు దయగా ఉండును. గెలిపించును, బహుమానములిచ్చును. “మీకు నచ్చిందా? స్టార్లు ఇవ్వండి” అని అడుగుట కూడా తరచుగా ఆ గెలుపు వేళనే. డబ్బు అడుగుట, ఓడించి విసిగించుట తరువాత మొదలగును. కాబట్టి మొదటి దినమున అడిగితే “తరువాత” అనే బటన్ నొక్కండి. వారము ఆడి వేయండి.

ఏ ఫోనులో ఆడినది కూడా చెప్పవలెను. పోలెండు దేశపు సంస్థ తయారుచేసిన ‘సైబర్‌పంక్ 2077’ 2020 డిసెంబరు 10న విడుదలైనది. విమర్శకులకు ముందుగా ఇచ్చినది కంప్యూటరులో ఆడే ప్రతి మాత్రమే. వారు బాగున్నదని మంచి మార్కులే వేశారు. పాత ప్లేస్టేషన్ కొనుక్కున్న సామాన్యుని ఇంటిలో అది మాటిమాటికి ఆగిపోయినది. చివరకు సోనీ సంస్థ దానిని తన దుకాణము నుండి తీసివేసి, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇవ్వవలసివచ్చినది. 2021 జూనులో గాని మరల పెట్టలేదు. తరువాత వారు దిద్దుకొన్నారు, గేము బాగుపడినది, అది వేరే సంగతి. విమర్శకులు అబద్ధము చెప్పలేదు, తమ యంత్రములో చూచినదే చెప్పారు. కాని చదివినవాని యంత్రము వేరు. పట్నములో ఖరీదైన ఫోను గలవాడు వేసిన అయిదు స్టార్లు మన ఊరిలో 3 జీబీ ఫోనుకు చెల్లవు. “నా ఫోను ఇది, ఇందులో ఇట్లు నడిచినది” అని ఒక్క వాక్యము వ్రాస్తే చాలు, ఎంతో ఉపకారము.

మరొకటి. “నాకు నచ్చలేదు” అనుట వేరు, “బాగులేదు” అనుట వేరు. మా కుర్రవాండ్రలో ఒకడు చదరంగపు గేముకు ఒక్క స్టారు వేశాడు. ఎందుకురా అంటే, “ఎప్పుడూ నేనే ఓడిపోతున్నాను” అన్నాడు. వాడు ఓడుట చదరంగము తప్పా? నెట్ సిగ్నలు లేక గేము ఆగినందుకు స్టార్లు కోసినవాడు కూడా ఉన్నాడు. తయారుచేసినవాడు వెళ్లి మన టవరు బాగుచేయగలడా?

ఎన్ని స్టార్లు ఎప్పుడు వేయవలెనని మా యువకులు నన్ను ఖచ్చితముగా చెప్పమన్నారు. నా లెక్క ఇది. పెట్టిన సమయమునకు సరిపోయినది, మరల ఆడినా ఆడకపోయినా ఫరవాలేదు అనిపిస్తే మూడు. మూడు అవమానము కాదు. స్నేహితునికి ధైర్యముగా చెప్పగలిగితే నాలుగు. అయిదు సంవత్సరములో ఒకటో రెండో గేములకు మాత్రమే. లోపమున్నది గాని దిద్దుకొనగలరనిపిస్తే రెండు. మోసము చేస్తే, అసలు నడువకపోతే ఒకటి. డబ్బు సంగతి మాత్రము స్టార్లలో కలిపి దాచరాదు, మాటలలోనే వ్రాయవలెను. ఉచితమని చెప్పి ఎప్పుడు అడిగినది, ఎంత అడిగినది, అది ఇవ్వకుండ గెలువ వీలున్నదా లేదా. తల్లిదండ్రులు వెదకేది ఆ రెండు ముక్కలే.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. స్టార్లు చూచి ‘పిల్లలకు తగినది’ అనుకొనవద్దు. అవి ఆడినవారి ఇష్టమును చెప్పును గాని వయస్సును చెప్పవు. వయస్సుకు వేరే గుర్తు ఉన్నది. ప్లే స్టోరులో గేము వివరముల దగ్గర 3+, 7+, 12+, 16+, 18+ అని ఉండును. లోపల కొనుగోళ్లు ఉన్న యెడల ‘ఇన్-యాప్ పర్చేజెస్’ అని చిన్న అక్షరములలో కనబడును. ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డు అడిగేటట్లు అమర్చుకొనవచ్చును. ఆ తల్లి ఫోనులో ఆ సాయంకాలమే మా తమ్ముని కుమారుని చేత అది చేయించాను.

ఇక ఆ కుర్రవాని సంగతి. ప్లే స్టోరులో ఒకసారి వేసిన మార్కును మరల మార్చవచ్చును. గడచిన ఆదివారము మధ్యాహ్నము వాడు ఫోను పట్టుకొని మా అరుగు మీద కూర్చున్నాడు. తల్లి ప్రక్కనే ఉన్నది. ఒక్క స్టారు వేయుమన్నది. వాడు చాలాసేపు ఆలోచించి రెండు వేశాడు. “ఆడుట బాగానే ఉంటుంది అమ్మా, అది అబద్ధము ఎట్లా వ్రాస్తాను?” అన్నాడు. తరువాత తెలుగులోనే ఇట్లు వ్రాశాడు: బొమ్మలు బాగున్నవి. నా 3 జీబీ ఫోను వేడెక్కుతున్నది. పదో లెవెల్ తరువాత డబ్బు పెట్టకుండ గెలువలేము. పదిహేను రోజులలో నావి 3,800 పోయినవి. అయిదు స్టార్లకు డైమండ్లు ఇస్తామంటారు, నేను కూడా తీసుకున్నాను.

తల్లి చదివించుకొని విన్నది. “మిరపకు మందు కొట్టలేకపోయిన సంగతి కూడా వ్రాయరా” అన్నది.

“అది గేము చేసినది కాదమ్మా, నేను చేసినది” అన్నాడు వాడు, ఫోను జేబులో పెట్టుకుంటూ.