హోటలు మూతపడితే పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవాలి?

సింగరాయకొండ లాంటి ఊళ్లో పాత హోటలు ఒకటి మూతపడితే పేపరులో వార్త రాదు. బ్యాంకు శాఖ ఎత్తేస్తే అర్జీలు వెళతాయి. రైలు ఆగకుండా పోతే నాయకులు వినతిపత్రాలు పట్టుకుని రైల్వే అధికారుల దగ్గరకు పోతారు. హోటలుకు తాళం పడితే మాత్రం రెండు రోజులు అయ్యో అనుకుంటారు, మూడో రోజుకు మరిచిపోతారు. మరిచిపోలేనివాళ్లు కొందరుంటారు. తెల్లవారకముందే లేచి, కండువా భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని అలవాటు కొద్దీ ఆ దారినే వచ్చి, మూసిన తలుపుల ముందు కాసేపు నిలబడి వెనక్కి మళ్లే పెద్దవాళ్లు వాళ్లు. ఎవరైనా ఆలోచించవలసింది వాళ్ల గురించే.

ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఉదయం పూట ఒక వీధి చివర నుంచి ఇంకో చివరకు నడిచి చూస్తే సంగతి తెలుస్తుంది. అరుగుల మీద తెల్ల జుట్టే కనబడుతుంది. పొగాకు, మిరప, శనగ పండించి పిల్లల్ని చదివించినవాళ్లు ఇక్కడున్నారు, చదువుకున్నవాళ్లు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. దేశంలో 60 ఏళ్లు దాటినవారు 2011 జనాభా లెక్కల నాటికే 10 కోట్ల 38 లక్షలు. రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7కు దిగింది. చాలా పల్లెల్లో ముసలివాళ్లే మిగులుతున్నారని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రే బహిరంగంగా అన్నారు. అమెరికాలో పెద్దవాళ్ల కోసమే ప్రత్యేకంగా ఊళ్లు కట్టారు. అరిజోనా రాష్ట్రంలోని సన్ సిటీ 1960 జనవరి 1న మొదలైంది. కొనడానికి వచ్చినవాళ్లకు మొదటి రోజునే ఇళ్లతో పాటు దుకాణాలు, కలుసుకునే భవనం, ఆటస్థలం కూడా చూపించారు. ఇక్కడ ఎవరూ కట్టకుండానే, ఎవరూ అనుకోకుండానే పల్లెలు అలాంటి ఊళ్లయి కూర్చున్నాయి. తేడా ఒక్కటే. పెద్దవాళ్లు కూర్చునే చోటు ఒకటి ఉండాలని ఇక్కడ ఎవరికీ తోచలేదు. ఆ పనిని ఎవరూ అప్పజెప్పకుండానే చేస్తూ వచ్చింది నాలుగు బల్లల టిఫిన్ హోటలు.

అక్కడ జరిగేదంతా తిండి వ్యాపారమే అనుకుంటే పొరపాటు. రెండిడ్లీ, అరకప్పు టీ తాగి గంటన్నర కూర్చునే మనిషి వల్ల హోటలుకు లాభం ఏమీ రాదు. అయినా లేపేవాళ్లు కారు. ఒకే పేపరును నాలుగు ముక్కలు చేసి నలుగురు చదువుతారు. కళ్లు కనబడనివారికి పక్కవాళ్లు చదివి వినిపిస్తారు. ఏ బేరన్‌కు ఎంత పలికింది, కందుకూరు ఆసుపత్రిలో ఏ డాక్టరు ఎప్పుడుంటాడు, పింఛను ఎవరికి పడింది, ఎవరి వేలిముద్ర పడలేదు, అన్నీ అక్కడే తెలుస్తాయి. పొగాకు సొమ్ము చేతికొచ్చాక తీర్చే ఖాతాలుంటాయి. బీపీ ఉన్న మనిషికి పచ్చడిలో ఉప్పు తగ్గించి పెట్టేవాళ్లూ, చక్కెర జబ్బున్న పెద్దాయన దొంగతనంగా మైసూరుపాకు అడిగితే "మీ అబ్బాయికి ఫోన్ చేస్తాం బాబాయ్" అని బెదిరించేవాళ్లూ అలాంటి చోట్లనే ఉంటారు. అన్నిటికంటే పెద్ద సంగతి మరొకటుంది. రోజూ వచ్చే మనిషి ఒక పూట రాకపోతే "ఏం, ఇవాళ రాలేదేం?" అని ఒకరు అడుగుతారు. ఇంకొకరు పోతూ పోతూ ఆ ఇంటి తలుపు తట్టి పోతారు.

ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేకపోతే ఏమవుతుందో జపాను చూపిస్తోంది. ఆ దేశంలో 2024లో ఇంట్లో ఒంటరిగా ఉండి చనిపోయినవారు 76 వేలమందికి పైగా ఉన్నారని అక్కడి పోలీసు శాఖ లెక్క తేల్చింది. వారిలో నాలుగింట మూడు వంతులకు పైగా 65 ఏళ్లు నిండినవారు. డబ్బులేని దేశమా అంటే కాదు. అందుకే అక్కడ ఇంటింటికీ పాల పానీయం సీసాలు అందించే ఆడవాళ్ల చేత కూడా ముసలివాళ్ల బాగోగులు కనుక్కునే ఏర్పాటు చేసుకున్నారు. ఇక్కడి టీ హోటలు ఆ పనిని పైసా తీసుకోకుండా చేస్తూ వచ్చింది.

పూట గడిపే ఇంటికీ ఈ జిల్లాకూ సంబంధం పాతదే. జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం పంతులుగారి తండ్రి ఆయన పదకొండో ఏట పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ రోజుల్లో అన్నం అమ్ముకోవడమంటే నలుగురిలో చిన్నచూపు. ఆ చిన్నచూపును ఓర్చుకుని ఆ తల్లి వండి వడ్డించిన అన్నం మీద పెరిగిన పిల్లవాడు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. ఒంగోలులో ఆయన విగ్రహానికి దండలు వేసేవాళ్లు ఆ పూటకూళ్ల పొయ్యిని కూడా ఒక్కసారి తలుచుకుంటే బాగుంటుంది.

అయితే పాత హోటలును దేవాలయం చేసి చెప్పడం కూడా న్యాయం కాదు. హోటళ్లలోకి పోవడానికి కులం అడ్డు కారాదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పినా, 1955లో అంటరానితనం నేరమని చట్టం వచ్చినా, కోస్తా పల్లెల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టిన హోటళ్లు చాలాకాలం నడిచాయి. కారంచేడు ఘోరం 1985లో జరిగింది అప్పటి ప్రకాశం జిల్లాలోనే. ఆ గ్లాసు చేదు గుర్తున్న పెద్దవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లకు ఏ హోటలు మూతపడినా కళ్లనీళ్లు రాకపోతే తప్పు పట్టకూడదు. ఆడవాళ్ల సంగతి సరేసరి. భర్త పోయి, పిల్లలు దూరమై, ఒక్క మనిషి కోసం పొయ్యి ముట్టించడం ఎందుకని రాత్రి మజ్జిగ తాగి పడుకునే ముసలమ్మలు మగవాళ్లకంటే ఎక్కువే ఉంటారు. వాళ్లు హోటలు బల్ల ముందు కూర్చుంటే ఊరు ఏమనుకుంటుందోనన్న జంకు ఇంకా పోలేదు. మళ్లీ తెరవాలనుకుంటే ఈ రెండు తప్పులూ లేని హోటలునే తెరవాలి.

మూత ఎందుకు పడుతోంది? యజమానిని తిట్టడం తేలిక. ఆయనకూ డెబ్భై దాటి ఉంటాయి. మూడు గంటలకే లేచి పప్పు రుబ్బి, పొగలో నిలబడి పెంచిన కొడుకు కంప్యూటరు ఉద్యోగంలో చేరితే, ఆ కొడుకును వెనక్కి పిలిచి పెనం ముందు నిలబెట్టమని ఎవరు చెప్పగలరు? ఊరంతా తన పిల్లల్ని బయటికి పంపి, హోటలు పిల్లవాడు మాత్రం ఊళ్లోనే ఉండాలంటే కుదరదు. వంటమాస్టరు దొరకడు. 19 కిలోల గ్యాసు బండ, నూనె, మినప్పప్పు ధరలు పెరిగినంతగా ఇడ్లీ ధర పెంచితే పాత ఖాతాదారులు రారు. పెంచకపోతే పూట గడవదు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. కూర్చుని తినడానికి జూన్ 8 దాకా వీల్లేదు. ఆ రెండున్నర నెలల దెబ్బకు కుంటుపడి తేరుకోని చిన్న హోటళ్లు ఎన్నో. రోడ్డు పక్క స్థలానికి విలువ పెరిగేసరికి అద్దెకిచ్చినవాళ్లు సెల్‌ఫోన్ల దుకాణానికి ఇచ్చుకుంటారు. అందులో అన్యాయమూ లేదు. ఎవరి లెక్క వాళ్లకు సరిపోతోంది, ఊరి లెక్కే ఎవరూ చూడడం లేదు.

పెద్ద నగరాలకూ ఈ బెడద తప్పలేదు. మద్రాసులో కెథీడ్రల్ రోడ్డు మీద చెట్ల నీడన 1962లో మొదలైన ఉడ్‌లాండ్స్ డ్రైవ్ ఇన్ హోటలు ఒక కాఫీతో గంటల తరబడి కూర్చునేవాళ్లకు పేరుపడ్డ చోటు. ఆ స్థలాన్ని ప్రభుత్వం తీసుకోవడంతో 2008లో అది మూతపడింది. ఇప్పుడు అక్కడ అందమైన తోట ఉంది. తోటలో నడవడం మంచిదే. అయితే అక్కడ పేరు పెట్టి పిలిచి కాఫీ తెచ్చే మనిషి ఉండడు.

నిలబడిన కథ కూడా ఒకటుంది. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసి పనివాళ్లను ఇంటికి పొమ్మంది. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ఆ పనివాళ్లకు సహకార సంఘాలు పెట్టుకోమని దారి చూపించారు. 1957 ఆగస్టులో బెంగుళూరులో మొదటి సంఘం పుట్టింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో ఇండియన్ కాఫీ హౌస్ తెరిచారు. బెంగుళూరు ఎం.జి. రోడ్డులోని కాఫీ హౌసును 2009లో ఖాళీ చేయవలసి వస్తే దగ్గర్లోనే చర్చి స్ట్రీటులో మళ్లీ తెరుచుకున్నారు. యజమాని ఒక్కడే అయితే ఆయన అలసటతో హోటలు పోతుంది. పది చేతుల్లో ఉంటే ఒక చెయ్యి అలసినా నిలుస్తుంది.

సర్కారు నడిపితే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. 2018 జులై 11న రాష్ట్రంలో అన్న క్యాంటీన్లు తెరిచారు, పూటకు అయిదు రూపాయలు. మొదట పట్టణాల్లోనే పెట్టారు. 2019లో ప్రభుత్వం మారింది, ఆగస్టు వచ్చేసరికి తలుపులు మూసుకున్నాయి. మళ్లీ ప్రభుత్వం మారాక 2024 ఆగస్టు 15న గుడివాడతో మొదలుపెట్టి తెరిచారు. అయిదేళ్లపాటు ఆ పూటకు అలవాటుపడ్డ రిక్షావాళ్లు, ముసలివాళ్లు ఎక్కడ తిన్నారో ఏ పార్టీ చెప్పలేదు. కేరళలో కుటుంబశ్రీ ఆడవాళ్లు ఇరవై రూపాయల భోజనం హోటళ్లు నడిపారు. 2023లో సబ్సిడీ ఆగేసరికి ధర పెంచవలసి వచ్చింది. సర్కారు సాయం వద్దని ఎవరూ అనరు. ఆ ఒక్క గుంజకే పందిరి కట్టకూడదు. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండి, బిల్లుల కోసం ఎదురుచూసిన ఆడవాళ్లను అడిగితే ఈ సంగతి ఇంకా బాగా చెబుతారు.

చేయగలిగింది ఊళ్లోనే ఉంది. పంచాయతీకి సొంత గదులున్న చోట వాటిని ఏటా వేలం వేస్తారు, ఎవరు ఎక్కువ పాడితే వారికే. అందులో ఒక గదిని వేలం నుంచి తీసి, నామమాత్రపు అద్దెకు డ్వాక్రా మహిళా సంఘానికి హోటలు పెట్టుకోవడానికి ఇవ్వవచ్చు. ఆడవాళ్లే నడిపే చోటికి ముసలమ్మలు జంకకుండా వస్తారు. అందరికీ ఒకే గ్లాసు, ఒకే బల్ల. పంచాయతీ కొద్దిగా అద్దె వదులుకుంటుంది. పోయే సొమ్ము ఊరి బొడ్రాయి పండగకు పెట్టే మందుగుండు ఖర్చుకు మించదని గట్టిగానే అనుకోవచ్చు.

పూట ధర కూడా అందేదిగా ఉండాలి. వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు నాలుగువేలు. రోజుకు లెక్క వేస్తే 133 రూపాయలు. మందులు, కరెంటు బిల్లు, మనవళ్లొస్తే చేతిలో పెట్టే పదో పరకో అన్నీ అందులోనే. అందులోంచి టిఫిన్‌కు ఎంత తీయగలరో వండేవాళ్లే ఆలోచించి చెప్పాలి. ఇక పింఛను అవసరం లేనివాళ్ల పిల్లల మాట. దూరదేశాల నుంచి ఊరి గుడికి గోపురం, రోడ్డుకు స్వాగత ద్వారం కట్టించేవాళ్లున్నారు. నెల మొదటి తారీఖున అమ్మానాన్నల టిఫిన్ డబ్బు ఫోనులోనే హోటలుకు పంపేస్తే, ఆ ముందస్తు సొమ్ముతోనే పప్పు, నూనె కొనవచ్చు, వడ్డీకి పోనక్కర్లేదు. కొడుకు పంపిన డబ్బుతో తింటున్నామన్న మాట ఆ నలుగురిలో చెప్పుకోవడం పెద్దవాళ్లకు కూడా ఎంతో తృప్తి.

నడవలేనివాళ్లకు రాత్రి రెండు చపాతీలు, కూర క్యారియరులో ఇంటికి పంపాలి. తీసుకుపోయే కుర్రాడు తలుపు తీసేదాకా ఆగాలి. అది మాత్రం కచ్చితంగా పెట్టవలసిన షరతు.

ఈ మాట గ్రామసభలో రావాలి. రోడ్లు, డ్రైనేజీ, వీధి దీపాల తర్వాత చివరి అంశంగానైనా రావాలి. గదుల వేలం సాధారణంగా మార్చి నెలలో ఉంటుంది కాబట్టి అంతకుముందే తీర్మానం రాసి సంతకాలు పెట్టించుకోవాలి. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల పేర్లు, వీధి, ఎవరికి ఏం పడదు, పిల్లల ఫోను నంబరు ఒక నోటుబుక్కులో రాసుకుని గల్లాపెట్టె పక్కన పెట్టుకోవచ్చు. మూతపడ్డ హోటలు పెద్దాయనకు ఆ పేర్లలో సగం నోటికే వచ్చు. ఆయన ఉండగానే అడిగి రాసుకోవడం మంచిది.