నాగలి చేసిన ఉపాధ్యాయుడు

మన పల్లెలలో బావులయొద్ద నీరు తోడు పంపులమీద "కిర్లోస్కర్" అను పేరు చదువని బాలుడు మా పాఠశాలలో అరుదు. అది ఒక మనుష్యుని యింటిపేరని యెరిగినవారు మాత్రము పదవ తరగతియం దొక్కరును లేకపోయిరి. మేమడిగి చూచితిమి. ఒకడు విదేశపు యంత్రశాల యనెను; మరియొకడు ఊరనెను. రెండవవాని మాట బొత్తిగా తప్పు కాదు. ఆ సంగతి ముందు చెప్పెదము.

శ్రీ లక్ష్మణరావు కిర్లోస్కరుగారు 1869లో బెల్గాము ప్రాంతమున జన్మించిరి. చిత్రకారుడు కావలెనను కోరికతో బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలలో చేరిరి. కాని వారి కన్నులకు కొన్ని రంగుల భేదము సరిగా తెలియకుండెను. అంతట రంగులు విడిచి, యంత్రముల పటములు గీయు విద్య నేర్చి, విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయమున ఉపాధ్యాయులైరి. తమకు రావలసిన పై ఉద్యోగము మరియొకరికి దక్కగా, రాజీనామా యిచ్చి బెల్గాము చేరి, సోదరునితో గూడి సైకిళ్ల వర్తకము సాగించిరి.

బడిపంతులుతనము విడిచినందుననే ఆయన బాగుపడెనని మా మిత్రుడొకడు నవ్వెను. నవ్వవచ్చును. కాని నల్లబల్లమీద గీత తిన్నగా గీయ నేర్చిన ఆ చేయియే పిమ్మట పశువుల మేత నరకు యంత్రమును, ఇనుప నాగలిని రూపొందించినదని మేము మరువజాలము.

ఆ నాగలిని కొనుటకు రైతులు చాలకాలము ముందుకు రాలేదు. ఇనుము తగిలిన నేల విషమగునని వారి భయము. ఈ మాట చెప్పగనే మా విద్యార్థులు రైతుల అజ్ఞానమును పరిహసించిరి. మేము వారితో ఏకీభవింపము. కొయ్యనాగలి విరిగినచో ఊరి వడ్రంగి సాయంకాలములోగా బాగుచేయును. ఇనుపనాగలి విరిగినచో ఎవరి నడుగవలెను? ఒక్క దుక్కి చెడినచో సంవత్సరపు తిండి పోవును. అట్టివాని సందేహము మూర్ఖత్వము కాదు. దానిని ఉపన్యాసములు తీర్పజాలవు. నాగలి నేలలో దిగి లోతుగా చాలు తీసినగాని అది తీరదు. లక్ష్మణరావుగారు అందాక ఓర్చుకొనిరి. మా దృష్టిలో వారి జీవితమున అన్నిటికంటె గొప్పపని ఆ యోర్పే.

ఇంతలో బెల్గామునందలి స్థలము ఖాళీచేయవలసివచ్చెను. ఔంధు సంస్థానాధీశులు అప్పుగా కొంత ధనమును, 32 ఎకరముల భూమిని ఇచ్చిరి. నాగజెముడు పొదలతో నిండిన ఆ బీటిలో 1910లో కిర్లోస్కరువాడి వెలసెను. మా విద్యార్థి చెప్పిన ఊరు ఇదియే. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ముడి ఇనుము దొరకనప్పుడు కొల్హాపురపు శాహు మహారాజు ఇచ్చిన పాత ఫిరంగులను కరగించి అచ్చట నాగళ్లు పోసిరి.

ఆ యూరిలో అంటరానితనమును పాటింపనీయలేదు. చెరసాలనుండి విడుదలయైన వారిని రాత్రి కావలివాండ్రుగా నియమించిరి. అన్నదానము చేయు ధనికులు మనకు కొదువలేదు. శిక్షపడినవాని చేతికి కావలిపని అప్పగించువారెందరు? అయినను ఒక మాట దాచము. పనియు, ఇల్లును, వీధియు ఒక్క యజమానుని చేతిలోనే యుండుట అన్నిచోట్లను మేలని మేము తలపము. యజమాని మారినచో పనివాని గతి యేమి?

లక్ష్మణరావుగారు 1956లో మరణించిరి. వారి కుమారులు శంతనురావుగారు అమెరికాలో యంత్రవిద్య నభ్యసించి వచ్చి, 1946లో పూనాయందు ఆయిలు ఇంజనుల కర్మాగారమును స్థాపించిరి. మన పొలములకు ఆ పేరు చేరిన త్రోవలలో ఇదియొకటి.

ఇక మా సంగతి. పిల్లల చేర్పించుటకు వచ్చు రైతులు, "అయ్యా, వీడు నావలె మట్టి పిసుకకుండ జూడుడు" అందురు. మేము తల యూపుదుము. మా దోషమును గూడ ఒప్పుకొనవలెను. పరీక్షల ఫలితములు తగ్గునను భయముతో చేతిపనుల గంటను లెక్కల కిచ్చివేసినవారము మేమే. చిత్రలేఖనపు గంటయు అట్లే పోయినది. రంపములు, చిత్రికలు, ఉలులు మూడు సంవత్సరములుగా వెనుకటి గదిలో త్రుప్పు పట్టుచున్నవి. ఆ గది తాళపుచెవి ప్రధానోపాధ్యాయులవారి బల్లసొరుగులో నున్నది. వచ్చు జూను మాసమునుండి శుక్రవారపు కడపటి గంటకై దానిని మాకు ఇప్పింప ప్రార్థించుచున్నాము.